లిల్లిబులేరో: రాజును దేశం దాటించిందని పేరుపడిన నాట్య బాణీ

బీబీసీ వరల్డ్ సర్వీస్ వార్తలకు ముందు దశాబ్దాల పాటు ఒక హుషారైన బాణీ వినిపించేది. భారత ఉపఖండంలోని షార్ట్‌వేవ్ శ్రోతలకు అది సుపరిచితం. దాని పేరు లిల్లిబులేరో. వాద్యాలపై మాత్రమే వినిపించిన ఆ బాణీకి ఒకప్పుడు సాహిత్యం కూడా ఉండేది. ఒక జాతిని, ఒక మతాన్ని ఎగతాళి చేసిన సాహిత్యమది.

బాణీ ఎక్కడిది?

ఈ బాణీకి కర్తగా హెన్రీ పర్సెల్ పేరు తరచూ వినిపిస్తుంది. 1689లో అచ్చయిన కీబోర్డు సంగీత సంపుటిలో ఆయన కూర్పు ఉంది. అయితే అక్కడ దాని శీర్షిక 'కొత్త ఐరిష్ బాణీ' అనే. అప్పటికే పాట జనం నోళ్లలో నానుతోంది. అందువల్ల ప్రచారంలో ఉన్న బాణీనే పర్సెల్ తీర్చిదిద్దారని భావించడం సమంజసం. జాన్ ప్లేఫోర్డ్ ప్రారంభించిన నృత్య సంకలనం 'ది డాన్సింగ్ మాస్టర్' తదుపరి ముద్రణల్లోనూ ఇది చోటు చేసుకుంది.

పాటలో ఏముంది?

క్యాథలిక్ అయిన రెండవ జేమ్స్ రాజు, తన మతానికే చెందిన టిర్కానెల్ ప్రభువు రిచర్డ్ టాల్బట్‌ను 1687లో ఐర్లండ్ పాలనాధికారిగా నియమించారు. ఆ నియామకంపై వచ్చిన వ్యంగ్య గేయమిది. రచయిత థామస్ వార్టన్ అని ప్రతీతి. ఇద్దరు ఐరిష్ వ్యక్తులు యాస ఇంగ్లిష్‌లో మాట్లాడుకుంటూ, ఇక తమదే రాజ్యమని సంబరపడతారు. ఐర్లండ్‌ను ఒక గాడిద, ఒక కుక్క ఏలుతాయన్న పాత జోస్యం నిజమైందని చివరలో తేలుస్తారు. టాల్బట్ అనేది ఒక వేటకుక్క జాతి పేరు కూడా కావడం ఇందులోని చమత్కారం. పల్లవి మాత్రం ఐరిష్ భాషను అనుకరించే ధ్వనుల వరుస.

పాట ప్రభావమెంత?

1688 నవంబరులో ఆరెంజ్ విలియం సేనతో ఇంగ్లండ్‌లో దిగారు. డిసెంబరులో జేమ్స్ ఫ్రాన్స్‌కు పారిపోయారు. ఇంత చిన్న పాట అంత పెద్ద ప్రభావం చూపడం అరుదని, విలియం వెంట ఉన్న గిల్బర్ట్ బర్నెట్ రాశారు. నిజానికి సేనాధిపతులు, ప్రభువులు పక్షం మారడమే జేమ్స్ పతనానికి ప్రధాన కారణం. ఆ అసంతృప్తికి పాట గొంతునిచ్చింది.

ఆ తర్వాత

1728 నాటి 'ది బెగర్స్ ఒపేరా'లో ఈ బాణీ వినిపించింది. లారెన్స్ స్టెర్న్ నవల 'ట్రిస్ట్రమ్ షాండీ'లో టోబీ బాబాయి దీన్ని ఈలగా వేస్తారు. ఉత్తర ఐర్లండ్‌లో 'ప్రొటెస్టెంట్ బాయ్స్' పాట ఈ బాణీలోనే సాగుతుంది. అందుకే దూరదేశాల శ్రోతలకు వార్తావేళను గుర్తుచేసిన ఈ బాణీలో, అక్కడి క్యాథలిక్కులకు పాత అవమానం వినిపించవచ్చు.