ఆటోమేటిక్ ట్రాన్స్‌మిషన్ ద్రవం మార్పిడి

ఆటోమేటిక్ ట్రాన్స్‌మిషన్ ద్రవం అనగా తనంతట తానే గేర్లు మార్చుకొనే వాహనాల గేర్‌బాక్సులో వాడే నూనె. దీనిని క్లుప్తంగా ఏ.టి.ఎఫ్. అంటారు. ఇతర నూనెల నుండి తేలికగా గుర్తించుటకు దీనికి సాధారణంగా ఎరుపు రంగు కలుపుతారు. మామూలు గేర్ ఆయిల్ ప్రధానంగా కందెన మాత్రమే. ఏ.టి.ఎఫ్. కందెనగానే కాక, ఇంజను శక్తిని చక్రాల వైపు పంపే మాధ్యమంగా కూడా పనిచేస్తుంది. కావున ఇది పాడైనా, తగ్గినా, రకం మారినా గేర్‌బాక్సు మొత్తం చెడిపోవచ్చును.

చరిత్ర

అమెరికాకు చెందిన జనరల్ మోటార్స్ సంస్థ 1940 మోడల్ ఓల్డ్స్‌మొబైల్ కార్లలో హైడ్రామాటిక్ గేర్‌బాక్సును ప్రవేశపెట్టింది. 1949లో ఈ ద్రవానికి టైప్ ఎ అనే ప్రమాణాన్ని, 1967లో డెక్స్‌రాన్ ప్రమాణాన్ని రూపొందించింది. 1970ల తొలినాళ్ళ వరకు ఇందులో స్పెర్మ్ తిమింగలం నూనె కలిపేవారు. ఆ జీవుల రక్షణకు చట్టాలు వచ్చిన తరువాత కృత్రిమ రసాయనాలు దాని స్థానాన్ని ఆక్రమించాయి. భారతదేశంలో 2014లో మారుతి సుజుకి సెలెరియో రాకతో క్లచ్ పెడల్ లేని కార్లు సామాన్య కుటుంబాలకు కూడా చేరువయ్యాయి.

పనిచేసే విధానం

తిరుగుతున్న పంఖా గాలికి ఎదురుగా ఉన్న మరొక పంఖా తిరిగినట్లే, టార్క్ కన్వర్టర్‌లో ఇంజను తిప్పే చక్రం ద్రవాన్ని నెట్టగా, ఎదుటి చక్రం తిరుగుతుంది. పంపు కలిగించిన ద్రవ పీడనం క్లచ్ ప్లేట్లను బిగించి గేరు మారుస్తుంది. పుట్టిన వేడిని కూలర్‌కు చేర్చేది కూడా ఈ ద్రవమే.

రకాలు

* టార్క్ కన్వర్టర్ గలవి: తయారీదారు పేర్కొన్న ఏ.టి.ఎఫ్. వాడవలెను.
* సి.వి.టి. (బెల్టు, పుల్లీలతో నడిచేవి): ప్రత్యేక సి.వి.టి. ద్రవం అవసరం.
* డి.సి.టి. (రెండు క్లచ్‌లు గలవి): వీటి ద్రవం వేరు.
* ఏ.ఎం.టి.: ఇది యంత్రం సాయంతో మారే మాన్యువల్ గేర్‌బాక్సే. సెలెరియో ఈ కోవకు చెందినదే. దీనికి గేర్ ఆయిల్ వాడతారు.

మార్చవలసిన సమయం

అనేక వాహనాలలో 60,000 నుండి 1,00,000 కిలోమీటర్ల మధ్య మార్చవలసి ఉంటుంది. ఓనర్స్ మాన్యువల్‌లోని గడువే ప్రామాణికం. "జీవితకాలపు ద్రవం" అని ఉన్నా, కఠిన వాడకంలో ముందుగానే మార్చుట మేలు. ఉదాహరణకు విజయనగరం జిల్లా శృంగవరపుకోట నుండి అరకు వెళ్ళే ఘాట్ రోడ్డుపై నిండు బరువుతో తరచు ఎక్కే వాహనాలలో ద్రవం ఎక్కువగా వేడెక్కి త్వరగా క్షీణిస్తుంది. నల్లబడుట, మాడు వాసన, గేరు జారుట, కుదుపు అనేవి ప్రమాద సూచనలు. రంగు ఒక్కటే చూసి నిర్ణయించరాదు.

వరద నీట మునిగిన వాహనానికి గడువుతో పని లేదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను శ్రీకాకుళం జిల్లా పలాస సమీపాన తీరం దాటింది. ఇటువంటి విపత్తులలో గాలిగొట్టం ద్వారా గేర్‌బాక్సులోకి నీరు చేరవచ్చును. నీరు కలిసిన ద్రవం పాలు కలిపినట్లు గులాబీ రంగుకు మారి, క్లచ్ ప్లేట్ల పూతను ఊడదీస్తుంది. అట్టి వాహనాన్ని స్టార్ట్ చేయక, మోయించి షెడ్డుకు చేర్చవలెను.

మార్చు విధానం

1. వాహనాన్ని సమతల ప్రదేశంలో నిలిపి, జాకీతో పాటు స్టాండ్లు అమర్చవలెను.
2. ముందుగా నింపే ప్లగ్ వదులవుతున్నదో లేదో చూచుకొని, తరువాతనే డ్రెయిన్ ప్లగ్ తీయవలెను. వేడి ద్రవం చర్మాన్ని కాల్చగలదు.
3. దిగిన ద్రవాన్ని కొలవవలెను.
4. ఆయిల్ పాన్, అయస్కాంతం శుభ్రపరచి, ఫిల్టర్, గ్యాస్కెట్, వాషర్ కొత్తవి వేయవలెను. అయస్కాంతంపై సన్నని బూడిద వంటి పొడి సహజం. లోహపు ముక్కలు ఉంటే మరమ్మతు అవసరం.
5. దిగినంత కొత్త ద్రవం పోసి, బ్రేకు తొక్కి ఉంచి, లీవరును పి, ఆర్, ఎన్, డి స్థానాలలో కొద్ది క్షణాలు నిలపవలెను.
6. మాన్యువల్‌లో చెప్పిన ఉష్ణోగ్రత వద్ద మట్టం సరిచూడవలెను. చాలా కొత్త కార్లకు డిప్‌స్టిక్ ఉండదు కనుక, ఈ పని స్కానర్ గల షెడ్డులో చేయించుట మంచిది.

టార్క్ కన్వర్టర్, కూలర్‌లలో కొంత పాత ద్రవం మిగులుతుంది. కావున ఒక మార్పిడితో మొత్తం ద్రవం మారదు.

జాగ్రత్తలు

ద్రవం తక్కువైతే క్లచ్‌లు జారి కాలిపోతాయి. ఎక్కువైతే నురగ పట్టి పీడనం పడిపోతుంది. అప్పటికే అరిగిన క్లచ్‌ను కొత్త ద్రవం బాగుచేయదు. వాడిన నూనె ప్రమాదకర వ్యర్థం. దానిని కాలువలలో పారబోయక, మూత గల డబ్బాలో పోసి, అధీకృత సేకరణదారులకు అందేలా చూడవలెను.

ఇవి కూడా చూడండి

* గేర్‌బాక్స్
* క్లచ్
* కందెన