కోరుకొండ నుంచి గల్వాన్‌కు

మాది శ్రీకాకుళం. కోరుకొండ సైనిక్ స్కూల్లో ఈ మాట అన్నప్పుడల్లా ఇంకో మాట కలపాల్సి వచ్చేది: జిల్లా శ్రీకాకుళం కాదు, కృష్ణ ఒడ్డున, ఘంటసాల దగ్గర, ఆంధ్రమహావిష్ణువు కొలువున్న శ్రీకాకుళం అని. కొన్నాళ్లకు ఆ వివరణతో పని లేకుండా పోయింది. ఎవరు ఏ ఊరి నుంచి వచ్చినా ఆ బడిలో అందరికీ ఒకటే ఈల, ఒకటే మైదానం, ఒకటే జెండా. డెల్టా పిల్లవాడూ, నల్గొండ పిల్లవాడూ, రాయలసీమ పిల్లవాడూ ఒకే వరసలో నిలబడి తలెత్తి చూసిన జెండా అది.

వజ్రోత్సవ సంచికకు బడి చరిత్ర రాయమన్నప్పుడు నాకు ముందు గుర్తొచ్చింది ఆ జెండా. ఆ వెంటనే, మరో జెండా.

కోరుకొండ సైనిక్ స్కూలు 1962 జనవరి 18న మొదలైంది. అంతకు ముందు ఏడాదే నాటి రక్షణమంత్రి వి.కె. కృష్ణమీనన్ చొరవతో దేశంలో సైనిక్ స్కూళ్లు పుట్టాయి. సైన్యంలో అధికారులయ్యే అవకాశం కొన్ని ప్రాంతాలకూ, ఖరీదైన చదువులు చదివించగల కొన్ని కుటుంబాలకూ పరిమితం కాకూడదన్నది ఆ ఆలోచన. మనకు ఆ బడి రావడానికి విజయనగరం రాజావారు పి.వి.జి. రాజు తమ కోరుకొండ కోటను ఇచ్చారు. రాజులు తిరిగిన వసారాల్లో రైతుల, గుమాస్తాల, బడిపంతుళ్ల పిల్లలు ట్రంకు పెట్టెలు దించుకున్నారు. ఈ సంస్థ చరిత్రలో నాకు అన్నిటికన్నా పెద్ద సంగతి ఇదే. ఆ పెట్టె పక్కన బిక్కమొహంతో నిలబడిన పిల్లవాడు ఏడేళ్లు తిరిగేసరికి ఖడక్‌వాస్లాలోని నేషనల్ డిఫెన్స్ అకాడమీ (ఎన్.డి.ఎ.) గడప తొక్కగలడు.

బడి పుట్టిన ఆ ఏడాదే గల్వాన్ పేరు దేశం విన్నది. 1962 జులైలో లద్దాఖ్‌లోని గల్వాన్ లోయలో గూర్ఖా జవాన్లు పెట్టిన చౌకీని చైనా సేనలు చుట్టుముట్టాయి. అక్టోబరు 20న యుద్ధం మొదలైన రోజే ఆ చౌకీ పడిపోయింది. అప్పటికి మా బడికి నిండా ఏడాది లేదు. ఆ లోయకూ ఈ బడికీ ఒకనాడు ఇంత దగ్గర చుట్టరికం కలుస్తుందని ఎవరనుకుంటారు?

సూర్యాపేటకు చెందిన బిక్కుమళ్ల సంతోష్‌బాబు ఆరో తరగతిలో కోరుకొండ వచ్చాడు. తండ్రి బ్యాంకు ఉద్యోగి. తాను సైన్యంలో చేరాలనుకుని చేరలేకపోయాననీ, ఆ కోరికే కొడుకును అటు పంపించిందనీ ఆయన తర్వాత చెప్పారు. అప్పటికి రాష్ట్రం ఒక్కటే. సూర్యాపేట ఒక కొసన, కోరుకొండ ఇంకో కొసన. పదేళ్లు దాటీ దాటని బిడ్డను అంత దూరం పంపిన తల్లి మనసు ఎలాంటిదో మా అమ్మలందరికీ తెలుసు.

ఇంటర్ దాకా అక్కడే చదివి, ఎన్.డి.ఎ., దెహ్రాదూన్ శిక్షణ ముగించుకుని, 2004 డిసెంబరులో బిహార్ రెజిమెంటు 16వ పటాలంలో అధికారిగా చేరాడు. జమ్మూకశ్మీర్‌లో పనిచేశాడు, ఐక్యరాజ్యసమితి శాంతిసేనతో కాంగో వెళ్లాడు. 2019 డిసెంబరులో, తాను మొదట అడుగుపెట్టిన ఆ పటాలానికే కమాండింగ్ ఆఫీసర్ అయ్యాడు.

2020 జూన్ 15 సాయంత్రం. రెండు దేశాల సైనికాధికారుల చర్చల్లో వెనక్కి తగ్గుతామని అనుకున్న తర్వాత కూడా గల్వాన్‌లో చైనా స్థావరం కదలలేదు. మాట్లాడి చూడడానికి కల్నల్ సంతోష్ తన జవాన్లతో స్వయంగా వెళ్లారు. ఒప్పందాల ప్రకారం తుపాకి పేలకూడని చోటు అది. రాళ్లతో, ఇనుప కడ్డీలతో, మేకులు దిగ్గొట్టిన కర్రలతో జరిగిన పోరులో తీవ్రంగా గాయపడి కూడా ఆయన తన వాళ్ల ముందునుంచి తప్పుకోలేదు. ఆయనతో కలిపి ఇరవై మంది భారత సైనికులు ప్రాణాలిచ్చారు. 1975 తర్వాత చైనా సరిహద్దులో మన సైనికులు ఇలా నేలకొరగడం అదే మొదటిసారి. ఆయనకు ముప్పయ్యేడేళ్లు.

జూన్ 17న ఆయన దేహం హకీంపేట విమానస్థావరానికి చేరింది. రాత్రికి సూర్యాపేట. మర్నాడు, కరోనా ఆంక్షల మధ్య, పూలు పరిచిన సైనిక వాహనం ఊరి వీధుల్లో కదిలితే జనం దారికి ఇరువైపులా నిలబడి పూలు చల్లారు. ఊరికి దగ్గరలోని కేసారంలో, కుటుంబానికి చెందిన పొలంలో చితి పేర్చారు.

సైనిక లాంఛనాలని పేపర్లలో రెండు మాటల్లో రాసేస్తారు. ప్రతి అంగానికీ ఒక అర్థముంది. శవపేటిక మీద జెండాను కాషాయం తలవైపు వచ్చేలా కప్పుతారు. గౌరవ వందనంలో తుపాకుల గొట్టాలు నేలవైపు వాల్చి, సైనికులు తలలు దించి నిలబడతారు. గాలిలోకి తూటాలు పేలుస్తారు. బ్యూగిల్ మీద లాస్ట్ పోస్ట్ వినిపిస్తుంది. శిబిరంలో పొద్దు ముగిసిందని చెప్పే పిలుపు అది. ఇక నీ కాపలా అయిపోయింది, విశ్రాంతి తీసుకో అని. జెండా మాత్రం చితి మీదికి పోదు, సమాధిలోకీ దిగదు. నిప్పు పెట్టక ముందే దాన్ని తీసి, మడిచి, ఇంటివారి చేతుల్లో పెడతారు. కేసారంలో ఆ జెండాను భార్య అందుకున్నారు. కొడుకు తనకు చేయాల్సిన కర్మ కొడుక్కి తానే చేస్తూ తండ్రి చితి ముట్టించారు.

ఆ జెండాను టీవీలో చూస్తూ మా ఊరి పక్కనున్న భట్లపెనుమర్రును తలుచుకున్నాను. ఈ పతాకానికి తొలిరూపం ఇచ్చిన పింగళి వెంకయ్యగారు పుట్టిన ఊరు అది. ఆయనా కుర్రతనంలో సిపాయే, బోయర్ యుద్ధానికి దక్షిణాఫ్రికా వెళ్లినవారే. మా కృష్ణ ఒడ్డున పుట్టిన మనిషి ఊహించిన రంగులు, కోరుకొండ మైదానంలో ఒక పిల్లవాడు రోజూ వందనం చేసిన రంగులు, కేసారం పొలంలో ఆ పిల్లవాడి మీద కప్పి తీశారు.

2021లో కేంద్రం ఆయనకు మహావీర్ చక్ర ప్రకటించింది. ఆ నవంబరులో రాష్ట్రపతి చేతులమీదుగా తల్లీ భార్యా దాన్ని అందుకున్నారు. సూర్యాపేట కూడలిలో విగ్రహం నిలిచింది. రాష్ట్రం రెండైంది గానీ, ఆయన పేరు చెప్పుకోవడంలో కోరుకొండకూ సూర్యాపేటకూ మధ్య హద్దు లేదు.

సైనిక్ స్కూళ్ల వరసల్లో ఇప్పుడు ఆడపిల్లలూ నిలబడుతున్నారు. వాళ్లకు సంతోష్ గురించి చెప్పేటప్పుడు ఎలా పోయాడన్నదొక్కటే చెప్పొద్దని నా మనవి. ఎవరినైనా పంపగల హోదాలో ఉండి తానే వెళ్లాడని చెప్పండి. ఆ పాఠం మాకు పుస్తకంలో లేదు. పొద్దున్నే మైదానంలో, వరసలో అందరికంటే ముందు నిలబడాల్సినవాడు అందరికంటే ముందు లేవాలని నేర్చుకున్నప్పుడే మొదలైంది. అరవై ఏళ్ల ఈ బడి సంపాదన అదే.