ఒక్క విద్య నేర్చిన ఆటగాండ్రు

ప్రతి సంవత్సరము ఆగస్టు మాసాంతమున అమెరికా సంయుక్త రాష్ట్రములలో ఒక పెద్ద వడపోత జరుగును. అచ్చటి జాతీయ ఫుట్‌బాలు లీగులో 32 జట్లు కలవు. శిక్షణ శిబిరమునకు ఒక్కొక్క జట్టు 90 మంది వరకు ఆటగాండ్రను చేర్చుకొనును. ఆటల కాలము ఆరంభమగునాటికి పట్టికలో 53 పేర్లు మాత్రమే మిగులవలెను. అనగా వేయిమందికి పైబడిన యువకులు కొలది దినములలో తమ చోటు కోల్పోవుదురు. కొందరిని వేరు జట్లు పిలుచును. కొందరు అభ్యాస బృందములలో చేరుదురు. తక్కినవారు ఇంటిదారి పట్టుదురు. ఈ వడపోతలో శిక్షకులను మిక్కిలి చిక్కుపెట్టు ప్రశ్న ఒకటున్నది. ఒక్క పని తప్ప వేరొకటి చేయని మనిషికి ఆ 53 చోట్లలో ఒకటి ఈయవచ్చునా? ఈ ప్రశ్నకు నూరేండ్ల చరిత్ర కలదు. దానిలో ముఖ్యమైన ఘట్టములను మాత్రము ఇచట చెప్పదలచినాము.

ముందుగా ఆటను గూర్చి నాలుగు మాటలు. పేరు ఒకటే అయినను ఇది మన హైదరాబాదు, కలకత్తా మైదానములలో ఆడు ఫుట్‌బాలు కాదు. రెండుకొనలు సన్నగిల్లిన బంతిని చేతపట్టి పరుగెత్తుట, చేతితో విసరుట ఇందలి ముఖ్యక్రియలు. ప్రక్కకు 11 మంది చొప్పున నిలుతురు. బంతితో ప్రతిపక్షపు గోలు గీత దాటినచో 6 పాయింట్లు. దానివెంట ఒక తన్నుతో ఇంకొక పాయింటు. అంతవరకు సాగలేనప్పుడు బంతిని నేలపై నిలిపి, రెండు స్తంభముల నడుమనుండి పోవునట్లు తన్నినచో 3 పాయింట్లు. దీనిని ఫీల్డుగోలందురు. అదియు సాధ్యము కానిచో బంతిని వీలైనంత దూరమునకు తన్ని ప్రతిపక్షమునకు అప్పగింతురు. గోలునకు తన్నువాడు కిక్కరు. దూరమునకు తన్ని అప్పగించువాడు పంటరు. వంగి, తన కాళ్ల సందునుండి బంతిని వెనుకకు విసరి వీరికి అందజేయువాడు స్నాపరు. ఆట మొత్తములో ఈ మువ్వురు మైదానములో నుండు కాలము బహు స్వల్పము. పట్టిక తగ్గించువాని కన్ను మొదట వీరిమీద పడుటలో ఆశ్చర్యము లేదు.

క్రికెట్టు వ్యాఖ్యానము వినుటకు రేడియో చుట్టు చేరిన ఇండ్లలో వికెట్టు కీపరును గూర్చి ఇట్టి వాదమే సాగును. చక్కగా బంతి పట్టువాడు కావలెనా, పట్టుటలో కొంచెము లోపమున్నను పరుగులు తీయువాడు కావలెనా? వాదము తెగదు. అమెరికాలోనూ తెగలేదు, కాని అచ్చట దానిని చాలకాలము నియమములే తేల్చివైచినవి.

ఆ లీగు 1920లో పుట్టినది. 1925లో జట్టు పట్టికకు పరిమితి 16. పదునొకండుగురు ఆడగా మిగులునది అయిదుగురు. ఒకసారి బయటికి వచ్చినవానిని మరల లోపలికి పంపుటపై గట్టి కట్టుబాట్లుండెడివి. కావున దాడి చేయువారే రక్షణకు నిలువవలెను. వారిలోనే ఎవడో ఒకడు తన్నవలెను. తన్నుటకే ఒకనిని పోషించుట ఆనాడు ఊహకందని విలాసము. యుద్ధము వచ్చి యువకులు సైన్యములలో చేరగా ఆటగాండ్రకు కరవేర్పడి, 1943లో స్వేచ్ఛగా మార్చుకొను నియమము వచ్చినది. 1946లో దానిని తీసివైచిరి, 1949లో మరల తెచ్చిరి, 1950లో స్థిరపరచిరి. ఒక్క విద్య నేర్చినవానికి ద్వారము తెరచినది ఈ చిన్న నియమమే. ఏ మహావీరుడును కాదు.

ఆ ద్వారముగుండా నడచినవారిలో లూ గ్రోజా చరిత్ర మాకు మిక్కిలి రుచించును. ఏలయన ఆ ఒక్కని జీవితములోనే పాత పద్ధతి, కొత్త పద్ధతి రెండును కనబడును. ఆయన యుద్ధసేవనుండి తిరిగివచ్చి 1946లో క్లీవ్లాండు బ్రౌన్సు జట్టులో చేరెను. ముందువరుసలో నిలిచి ప్రతిపక్షమును అడ్డుకొను భారీమనిషి, దానితోపాటు కిక్కరు. 1950 డిసెంబరు 24న లీగు అంతిమపోటీలో లాస్ ఏంజెలెసు రామ్సు జట్టు 28, బ్రౌన్సు 27. ఇంక 28 సెకండ్లు మిగిలియుండగా గ్రోజా 16 గజముల ఫీల్డుగోలు తన్ని జట్టును 30–28తో గెలిపించెను. అదే ఆటలో అంతకుముందు స్నాపు సరిగా రాక బ్రౌన్సు ఒక పాయింటు పోగొట్టుకొని యుండిరి. ఆ పాయింటు దక్కియున్నచో వారు వెనుకబడియుండెడివారే కారు. ఈ చిన్న సంగతిని శ్రోతలు జ్ఞప్తియందుంచుకొనగోరెదము.

వెన్నునొప్పిచే గ్రోజా 1960లో ఆటకు దూరమయ్యెను. 1961లో ఆయన తిరిగివచ్చినపుడు వయస్సు 37. ముందువరుసలో నిలుచు సత్తువ లేదు. మిగిలినది తన్ను ఒక్కటే. ఆ ఒక్కదానికై బ్రౌన్సు జట్టు ఏడు సంవత్సరములు ఆయనకు చోటిచ్చినది. 1964లో బాల్టిమోరు జట్టును 27–0తో ఓడించి లీగు గెలిచిననాడు రెండు ఫీల్డుగోళ్లు ఆయనవే. అప్పటికి పట్టిక పరిమితి 40కి పెరిగియుండెను. పట్టిక పెరిగినకొలది ఔదార్యము పెరిగినది. ఇందులో శిక్షకుల దూరదృష్టికంటె లెక్క చేసిన పని ఎక్కువ అని మా అభిప్రాయము.

రెండవ పక్షము మాటయు వినవలెను. గ్రీన్‌బే జట్టులో పాల్ హార్నుంగు 1960లో 12 ఆటలలో 176 పాయింట్లు చేసెను. అందు పరుగెత్తి, బంతినందుకొని చేసినవి 15 టచ్‌డౌన్లు; తన్ని చేసినవి 41 అదనపు పాయింట్లు, 15 ఫీల్డుగోళ్లు. ఇట్టివాడుండగా వేరొక కిక్కరు ఎందులకు? మరియు జార్జి బ్లాండా. బంతి విసరు నాయకుడు, కిక్కరు కూడ. 1967లో హ్యూస్టను జట్టు ఆయనను వదలుకొనెను; వయస్సు మీరినదని తలచిరి కాబోలు. ఓక్లాండు జట్టు చేరదీసినది. ఆ సంవత్సరమే ఆయన 116 పాయింట్లతో అమెరికను లీగులో ప్రథముడయ్యెను. 48వ ఏట గాని ఆట మానలేదు. అయితే హార్నుంగులు, బ్లాండాలు ఎందరు పుట్టుదురు? 1960లలో హంగరీనుండి వచ్చిన పీట్ గోగొలాకు, నార్వేనుండి వచ్చిన యాన్ స్టెనెరూడు బంతిని వ్రేళ్లతో గాక పాదపు పైభాగముతో, ఏటవాలుగా తన్ను పద్ధతి తెచ్చిన పిమ్మట తన్నుట ఒక ప్రత్యేకవిద్య యైనది. 1974లో స్తంభములను గోలు గీతనుండి పది గజములు వెనుకకు జరిపిరి. లక్ష్యము దూరమైనకొలది ప్రక్కపనిగా తన్నువాని రోజులు చెల్లినవి.

కాలితో సంబంధము లేని ఇంకొక విద్య కలదు. పంటరు తన్నిన బంతి ఆకాశములో నాలుగు సెకండ్లకు పైగా నుండును. అది దిగులోపల నలుబది గజములకు పైగా పరుగెత్తి, ఇద్దరు అడ్డుపడుచుండగా తప్పించుకొని, బంతి పట్టినవానిని అక్కడికక్కడే పడవేయవలెను. స్టీవ్ టాస్కరు ఇందులో అందెవేసిన చేయి. 1985లో హ్యూస్టను జట్టు ఆయనను తీసికొని, మరుసటి సంవత్సరము విడిచిపెట్టెను. పొట్టివాడు, బంతినందుకొనువారి వరుసలో ఆయనకంటె ఘనులున్నారు. పట్టికలో వరుసగా పేర్లు చదువుకొనిపోవువానికి ఆ పేరు కొట్టివేయుట సులభము. 1986 నవంబరులో బఫెలో బిల్సు జట్టు ఆయనను అందిపుచ్చుకొనెను. అదే మాసమున ఆ జట్టుకు ప్రధాన శిక్షకుడుగా వచ్చిన మార్వ్ లెవీ, 1969లో ఫిలడెల్ఫియా జట్టులో ఈ తన్ను బృందములకే శిక్షకుడుగా పనిచేసినవాడు. తాను నేర్పిన విద్య విలువ ఆయనకు తెలియును. టాస్కరు ఏడుసార్లు లీగు మేటి ఆటగాండ్ర పోటీకి ఎన్నికయ్యెను. 1993లో ఆ పోటీలో ఉత్తమ ఆటగాడయ్యెను. బిల్సు జట్టు వరుసగా నాలుగేండ్లు సూపర్ బౌలు అను అంతిమపోటీకి చేరినది.

ఆ నాలుగింటిలో మొదటిది 1991 జనవరి 27న టాంపాలో జరిగినది. న్యూయార్కు జెయింట్సు 20, బిల్సు 19. ఎనిమిది సెకండ్లు మిగిలియుండగా స్కాట్ నోర్వుడు 47 గజములనుండి తన్నెను. బంతి కుడిస్తంభమునకు వెలుపలగా పోయినది. 1988లో లీగు మొత్తములో ఎక్కువ పాయింట్లు చేసినవాడాయన. అయినను లోకమునకు ఆ ఒక్క తన్నే గుర్తున్నది. 1992లో బిల్సు ఆయన స్థానములో మరియొకరిని తెచ్చుకొనిరి. ఒక్క పని చేయువాని కష్టమిది. వరుసలో పదిమందితో నిలుచువాని తప్పు గుంపులో కలిసిపోవును. ఇతని తప్పును దాచు నీడ లేదు. ఎదుటి జట్టునకు ఆనాడు గెలుపు పాయింట్లు తెచ్చిన కిక్కరు మాట్ బార్. 1990 ఆటల కాలమునకు ముందు క్లీవ్లాండు జట్టు అక్కరలేదని పంపివేసిన మనిషే ఆయన. ఆ అంతిమపోటీకి వారము ముందు శాన్ ఫ్రాన్సిస్కోలో అయిదు ఫీల్డుగోళ్లతో జెయింట్సు 15 పాయింట్లన్నియు ఆయనయే చేసి, 15–13తో గెలిపించియుండెను.

ఇక స్నాపరు. మువ్వురిలో అజ్ఞాతుడు ఇతడే. స్నాపు బయలుదేరుట మొదలు బంతి కిక్కరు కాలు విడుచుటకు సుమారు ఒకటింబావు సెకండు పట్టును. ఆలోపల బంతి ఏడెనిమిది గజములు వెనుకకు వచ్చి, నేలపై మోకాలూని కూర్చున్నవాని చేతికి సరిగా చేరవలెను. చేరినచో ఎవరును చూడరు.

2002 ఆటల కాలములో జెయింట్సు జట్టుకు ఈ స్థానము నిలకడగా కుదరలేదు. చివరకు, ఆట విరమించి ఇంటనున్న ట్రే జంకిను అను 41 ఏండ్ల స్నాపరును, తుదిపోటీలకు కొలది దినముల ముందు పిలిపించిరి. ఆయన 2003 జనవరి 5న శాన్ ఫ్రాన్సిస్కోలో దిగెను. జెయింట్సు ఒక దశలో 38–14 ఆధిక్యములో నుండిరి. అది కరగి 39–38గా వెనుకబడిరి. ఆఖరి సెకండ్లలో 41 గజముల ఫీల్డుగోలునకు సిద్ధమైరి. స్నాపు తక్కువ యెత్తులో, గతి తప్పి వచ్చినది. పట్టువాడు బంతిని నిలుపలేక లేచి విసరెను, అది నేలపాలైనది. అధికారులు ప్రతిపక్షపు తప్పును గమనింపలేదని లీగు మరునాడు ఒప్పుకొనెను గాని, ఫలితము మారలేదు. ఈ ఓటమికి జంకినును నిందించుట న్యాయము కాదని మేమందుము. పందొమ్మిదేండ్లు ఆ పని చేసినవాడు. కొత్త చేతులతో జతకుదురుటకు ఆయనకిచ్చిన గడువు కొలది దినములే. ఆ చోటు ఆగస్టులోనే గట్టిపరచుకొనవలసినది.

జెయింట్సు 2003లో జెఫ్ ఫీగిల్సు అను 37 ఏండ్ల పంటరును తెచ్చుకొనిరి. ఫీల్డుగోలు వేళ స్నాపునందుకొని బంతిని నిలుపువాడు కూడ ఆయనయే. 2008 జనవరి 20న గ్రీన్‌బేలో, సున్నకు 18 డిగ్రీలు దిగువనున్న చలిలో, లీగు ఉపాంతిమపోటీ సమానమై అదనపు కాలమునకు పోయినది. కిక్కరు లారెన్సు టైన్సు అప్పటికి రెండుసార్లు గురితప్పియుండెను. అందొకటి స్నాపు ఎత్తుగా వచ్చినందున. మూడవసారి స్నాపు చక్కగా వచ్చెను. ఫీగిల్సు బంతిని నిలిపెను. 47 గజములనుండి టైన్సు తన్నెను. జెయింట్సు 23–20తో గెలిచి సూపర్ బౌలునకు పోయిరి. రెండువారముల పిమ్మట అదియు గెలిచిరి. ఫీగిల్సుకు అప్పుడు 41 ఏండ్లు.