ఫ్రిట్జ్ పొలార్డ్

ఫ్రెడరిక్ డగ్లస్ పొలార్డ్ (1894–1986) అమెరికన్ ఫుట్‌బాల్ తొలితరం ఆటగాడు. నేటి ఎన్ఎఫ్ఎల్ (నేషనల్ ఫుట్‌బాల్ లీగ్)లో ఒక జట్టుకు ప్రధాన కోచ్ అయిన మొదటి నల్లజాతీయుడు కూడా అతనే. 1894 జనవరి 27న షికాగోలో పుట్టాడు. బానిసత్వం మీద పోరాడిన ఫ్రెడరిక్ డగ్లస్ పేరునే తల్లిదండ్రులు కొడుక్కి పెట్టుకున్నారు. జర్మన్లు ఎక్కువగా ఉండే రోజర్స్ పార్క్ పేటలో పెరగడం వల్ల 'ఫ్రిట్జ్' అన్న ముద్దుపేరు వచ్చింది.

మన దగ్గర ఫుట్‌బాల్ అంటే కాలితో ఆడే ఆట. అమెరికాలో ఆ పేరుతో ఆడేది రగ్బీకి దగ్గరి చుట్టం. కోలగా ఉండే బంతిని చంకన ఇరికించుకుని, మీద పడే ప్రత్యర్థులను తప్పించుకుంటూ పరుగెత్తాలి. 5 అడుగుల 9 అంగుళాల ఎత్తు, 75 కిలోల బరువున్న పొలార్డ్ బలం కన్నా వేగాన్నీ ఒడుపునూ నమ్ముకున్నాడు.

బ్రౌన్ విశ్వవిద్యాలయం తరఫున 1916 జనవరి 1న రోజ్ బౌల్ అనే కాలేజీ జట్ల పోటీలో దిగి, ఆ పోటీలో ఆడిన తొలి నల్లజాతి ఆటగాడయ్యాడు. వానకు బురదమయమైన మైదానంలో బ్రౌన్ 14–0తో వాషింగ్టన్ స్టేట్ చేతిలో ఓడింది. ఆ ఏడాది చివర్లో మాత్రం వరుస వారాల్లో యేల్‌నూ హార్వర్డ్‌నూ ఓడించింది. రెండు విజయాల్లోనూ సింహభాగం పొలార్డ్‌దే. ప్రేక్షకుల ఎగతాళి, ప్రత్యర్థుల మోటు దెబ్బలు అతనికి కొత్త కాదు. కింద పడినవాడి మీదికి కావాలనే దూకేవారు. అందుకని పడగానే వెల్లకిలా తిరిగి, మేకుల బూట్లున్న కాళ్ళు పైకెత్తి ఆడించేవాడు. అది చూశాక దూకడానికి జంకేవారు.

ఒహాయో రాష్ట్రంలోని ఆక్రన్ జట్టులో 1919లో చేరాడు. మరుసటి ఏడాది పుట్టిన వృత్తి లీగే 1922లో ఎన్ఎఫ్ఎల్‌గా పేరు మార్చుకుంది. లీగు పుట్టిన తొలి ఏడాదే ఆక్రన్ 8 గెలిచి, 3 సమం చేసి, ఒక్కటీ ఓడకుండా విజేత అయింది. అయినా ఆ జట్టు ముఖ్య ఆటగాడైన పొలార్డ్ తోటివాళ్ళతో కలిసి బట్టలు మార్చుకోలేకపోయేవాడు. జట్టు యజమాని చుట్టల కర్మాగారంలో తయారై, ఆట మొదలయ్యే వేళకు మైదానంలోకి వచ్చేవాడు. 1921లో ఆడుతూనే సహ ప్రధాన కోచ్ బాధ్యతా తీసుకున్నాడు. తర్వాత గాయకుడిగా, నటుడిగా ప్రపంచానికి తెలిసిన పాల్ రోబ్సన్‌ను ఆక్రన్‌కు రప్పించింది పొలార్డే. రోబ్సన్ అప్పుడు న్యాయశాస్త్ర విద్యార్థి.

మిల్వాకీ, హామండ్, ప్రావిడెన్స్ జట్లకూ ఆడి, 1926లో ఆక్రన్‌లోనే ఎన్ఎఫ్ఎల్ ఆట ముగించాడు. 1934 నుంచి 1945 వరకు ఆ లీగులో నల్లజాతి ఆటగాడు ఒక్కడూ లేడు. రాతలో నిషేధమేదీ లేదు, అయినా తలుపులు మూసుకున్నాయి. ప్రతిభ కరవై అలా జరిగిందనడానికి వీల్లేదని చూపించడానికా అన్నట్టు, పొలార్డ్ 1930లలో న్యూయార్క్‌లోని హార్లెం కేంద్రంగా 'బ్రౌన్ బాంబర్స్' అనే నల్లజాతి జట్టుకు శిక్షణ ఇచ్చాడు. ఒక పత్రికనూ నడిపాడు. అతని కొడుకు ఫ్రిట్జ్ పొలార్డ్ జూనియర్ 1936 బెర్లిన్ ఒలింపిక్స్‌లో 110 మీటర్ల హర్డిల్స్‌లో కాంస్యం గెలిచాడు.

లీగులో మరో నల్లజాతి ప్రధాన కోచ్‌గా ఆర్ట్ షెల్ 1989లో వచ్చాడు. అంటే పొలార్డ్ తర్వాత 68 ఏళ్ళకు. అప్పటికి పొలార్డ్ లేడు. 1986 మే 11న, 92వ ఏట మరణించాడు. మేటి ఆటగాళ్ళను గౌరవించే ప్రో ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్ 1963లోనే తెరుచుకుంది. కళ్ళారా చూసుకునేందుకు అతనికి 23 ఏళ్ళ వ్యవధి ఉన్నా, ఆ గౌరవం 2005లో గానీ దక్కలేదు. ఇంత ఆలస్యం అన్యాయమే. కోచ్ పదవుల్లో సమాన అవకాశాల కోసం 2003లో ఏర్పడిన ఫ్రిట్జ్ పొలార్డ్ అలయన్స్ నేటికీ అతని పేరుతోనే పనిచేస్తోంది.