విజయా మూళే – చిత్రసమాజముల చరిత్ర

చలనచిత్రచరిత్రలు వ్రాయువారు నటులను, దర్శకులను, ధనము వెచ్చించిన నిర్మాతలను బేర్కొందురు. చూడఁదగిన చిత్రమును వెదకి తెచ్చి, దానిని జూచుటకు జనమును గూర్చినవారి పేళ్లు వారి గ్రంథములలో నరుదు. ఆ పని చేసినవారిలో స్త్రీలు పెక్కండ్రు గలరు.

లండనునందు 1925లో వెలసిన ఫిలిం సొసైటీని స్థాపించినవారిలో ఐరిస్ బారీ యొకతె. 1935లో న్యూయార్కునందలి ఆధునిక కళాప్రదర్శనశాలయందుఁ జిత్రభాండాగార మేర్పడినపుడు సంచాలకపదవి యామె భర్తయగు జాన్ అబట్టునకు దక్కెను. చిత్రసంరక్షకపదవి యామెకు లభించెను. ఆ సంచాలకపదవి యామెకు వచ్చుటకు 1946 వఱకు వేచియుండవలసి వచ్చినది. ఇది యటుండనిండు.

విజయా మూళే 1921లో బొంబాయిలో జన్మించెను. పెండ్లియైన పిదపఁ బాట్నాకుఁ జేరి, యచటఁ జదువు కొనసాగించి, 1946లో విద్యాశాస్త్రము నభ్యసించుటకై యింగ్లండులోని లీడ్సునకు వెళ్లెను. అచటి చిత్రసమాజమున నామెకు లోకపుఁ జిత్రములతోఁ బరిచయము గలిగెను. తిరిగివచ్చి పాట్నాలో నట్టి సమాజమునకే తోడ్పడెను. 1954లో గేంద్రప్రభుత్వ విద్యాశాఖలో నుద్యోగినియై ఢిల్లీకి వచ్చిన పిమ్మట నచటను నాపనికే పూనుకొనెను. 1959లో భారత చిత్రసమాజముల సమాఖ్య యేర్పడఁగా సత్యజిత్ రాయ్ అధ్యక్షుఁడయ్యెను. చిదానంద దాసుగుప్తయు విజయా మూళేయు సంయుక్తకార్యదర్శులు. రాజ్యాంగసభయందు సభ్యురాలుగా నుండిన అమ్ము స్వామినాథను ఉపాధ్యక్షులలో నొకరు.

కార్యదర్శిత్వమనిన నేమి? ఆనాఁడు విదేశచిత్రములు రాయబారకార్యాలయములనుండి యెరవు రావలెను. ఒక యూరినుండి మఱియొక యూరికవి పోవు క్రమ మేర్పఱుపవలెను. వినోదపుఁబన్నును గూర్చియు, సెన్సారును గూర్చియు నధికారులతో వ్రాతకోతలు తప్పవు. ఇవి జీతములేని పనులు. ఆమె జీతము విద్యాశాఖనుండి వచ్చుచుండెను. రాయ్ చిత్రములు నేఁటికిని మనము చూచుచున్నాము. కార్యదర్శి జాబులు చరిత్రసాధనములని మాత్రము మనకుఁ దోఁచదు.

చిత్రసమాజములు నగరములందలి యాంగ్లవిద్యావంతుల వినోదమను నాక్షేపణ కలదు. అది కొంత నిజమే. కాని విజయా మూళే యచ్చట నాగలేదు. 1974లో ఫిలిమ్స్ డివిజనుకై బాలలకొఱకుఁ దీసిన ‘ఏక్ అనేక్ ఔర్ ఏక్తా’ జాతీయపురస్కారము నందెను. దాని బొమ్మలకుఁ జలనము కల్పించినవాఁడు భీమ్‌సేన్. 1975 ఆగస్టునుండి 1976 జూలై వఱకు ఆఱు రాష్ట్రములందలి 2,400 గ్రామములకు ఉపగ్రహముద్వారా దూరదర్శన ప్రసారములు జరిగినవి. నాఁటి ఆంధ్రప్రదేశమునందలి పల్లెలును వానిలోనివే. ఆ ప్రసారములకై బాలల కార్యక్రమములు సిద్ధపఱచిన విద్యాసాంకేతికకేంద్రమున కామెయే యధిపతి. ఎవరికేది చూపవలెను, ఎట్లు చేర్పవలెను అను ప్రశ్న చిత్రసమాజములనాఁటిదే; చూచువారు మాత్రము వేఱు.

పరదేశీయుల చిత్రములలో భారతదేశ మెట్లు కనఁబడినదో తెలుపు గ్రంథము నామె 2010లో వెలువరించెను. అప్పటికి దాదాపు తొంబది యేండ్లు. 2019 మే నెలలో ఢిల్లీయందుఁ గన్నుమూసెను.