కండ్లకలక
‘కలగు’ నుంచి వచ్చింది ‘కలక’. బురద లేచిన నీళ్లకీ, ఎర్రబారి పుసి కట్టిన కంటికీ ఒకటే మాట. ఘనాలో 1969లో వచ్చిన ఇలాంటి జబ్బుకు, చంద్రయాత్ర ఏడాది కనుక, అపోలో అని పేరుపెట్టారు. మనవాళ్లు కంటికి కనిపించిందే పేరుగా చెప్పారు, అదే నాకిష్టం.

2023 వానల్లో కలక తెలంగాణంతటా పాకింది. గోదావరిఖని బొగ్గుబాయిల్లో దాన్ని గుర్తుపట్టడంలో ఒక చిక్కుంది: దుమ్ము పడ్డా కన్ను ఎర్రబడుతుంది. దుమ్మైతే కడిగితే చాలావరకు తగ్గుతుంది. కలక ఒక కంట్లో మొదలై, తరచూ రెండోదానికీ పాకుతుంది. చూపుతో అంటదు, చేతులు, తువాలు, దిండుతో అంటుతుంది. ఎక్కువగా వైరస్ వల్ల వస్తుంది గనుక యాంటీబయాటిక్ చుక్కలు దాన్ని చంపవు. స్టెరాయిడ్ చుక్కలు సొంతంగా అసలు వేసుకోవద్దు. చల్లటి తడిగుడ్డ హాయినిస్తుంది. చూపు మసకబారినా, వెలుతురు భరించలేకపోయినా ఆలస్యం చేయకుండా కంటి డాక్టరు దగ్గరికి పోవాలి.