మన చదువుల చరిత్ర – 9: ఆ 25 మార్కుల కథ

మొన్న అమలాపురంలో ఒక తమ్ముడు అడిగాడు. "సార్, ఎడ్‌సెట్‌లో ఇంగ్లీషు 25 మార్కులే కదా. అది వదిలేసి మెథడాలజీ 100 మార్కులు గట్టిగా చదివితే చాలదా?"

మిత్రులారా, ఆ 25 మార్కుల వెనక పెద్ద కథే ఉంది.

1857లో మద్రాసు యూనివర్సిటీ పెట్టారు. కాలేజీలో అడుగుపెట్టాలంటే మెట్రిక్యులేషన్ పాసవ్వాలి. అప్పటి ప్రవేశపరీక్ష అదే. ఇంగ్లీషు తప్పనిసరి. మన కోనసీమ కూడా ఆ యూనివర్సిటీ కిందే ఉండేది. అగ్రహారాల పిల్లలు ఇంగ్లీషు నేర్చుకుని రాజమండ్రి వెళ్లారు, సర్కారు కొలువుల్లో చేరారు. మన పేటల పిల్లలకు బడి గుమ్మమే దొరకలేదు, ఇక పరీక్ష హాలు ఎక్కడిది? వసిష్ఠ దాటితే నరసాపురం. అక్కడికి మిషనరీలు వచ్చారు. మనవాళ్లలో చాలామందికి మొదటి అక్షరం మిషన్ బడిలోనే అందింది. అదీ ఎక్కువగా తెలుగులోనే. ఇంగ్లీషు దాకా వెళ్లినవాళ్లు కొద్దిమంది.

అటు బొంబాయిలో, 1907లో బాబాసాహెబ్ మెట్రిక్యులేషన్ పాసయ్యాడు. ఆయన సంస్కృతం చదువుకుంటానంటే అంటరానివాడని కాదన్నారు, పర్షియన్ తీసుకోవలసి వచ్చింది. దేవభాష తలుపేసింది. పరీక్షలో తప్పనిసరైన ఇంగ్లీషుకు మాత్రం ఎవరూ అడ్డు చెప్పలేకపోయారు. ఆ ఇంగ్లీషుతోనే 1913లో కొలంబియా చేరాడు. ఇంగ్లీషు మన మీద ప్రేమతో వచ్చిన భాషేం కాదు. కానీ దాన్ని లాక్కుని వాడుకున్నాడాయన. ఆ మనిషి పేరు జిల్లాకు పెడుతున్నారనే 2022 మే 24న అమలాపురంలో ఇళ్లు తగలబెట్టారు.

నేను తెలుగు చెప్పుకుని బతికేవాణ్ని. అందుకే చెబుతున్నా, నీ తెలుగే నీకు పెట్టుబడి. కర్తరి, కర్మణి వాక్యాలు వచ్చా? యాక్టివ్, ప్యాసివ్ వాయిస్ అంటే అవే. విభక్తులు వచ్చా? ప్రిపోజిషన్లు చేసే పని చాలావరకు అదే. మనకు మాట వెనక వచ్చేది వాళ్లకు ముందు వస్తుంది, అంతే. రోజుకో ఇంగ్లీషు సంపాదకీయం పైకి చదువు, తర్వాత దాని సారం తెలుగులో నాలుగు ముక్కలు రాయి. పాత ప్రశ్నపత్రాలు గడియారం పెట్టుకుని చెయ్యి.

మనకు కనీస అర్హత మార్కుల నిబంధన లేదని ధీమా పడొద్దు. సీటు తేల్చేది ర్యాంకే. రేపు లా చదవాలనుకుంటే క్లాట్ మొత్తం ఇంగ్లీషులోనే ఉంటుంది.

మన తాతలను గుమ్మం బయటే ఆపేశారు. నువ్వు ఆ గుమ్మం ముందు నిలబడి, 25 మార్కులే కదా అని నీ అంతట నువ్వే వెనక్కి తిరగకు తమ్ముడూ.

జై భీమ్.